పిట్టల మస్టరు

నా పని జీవితమంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మనుషుల మీద ఏదీ పడకుండా చూడటం. మొదటి పద్దెనిమిదేళ్లు బొగ్గుబావిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టాను. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్లు, కళాకారులు ఊహించినవి చూడవచ్చినవాళ్ల నెత్తిన పడకుండా నిలబెట్టాను. మొదటిదానికి పెన్షన్ వస్తోంది. రెండోదాని గురించి మా గోదావరిఖని కాలనీలో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. "దావీదు హైదరాబాదుల సినిమా సెట్టింగులు కడ్తడట" అనుకుంటారు. నేనూ కాదనను. కాదంటే అరగంట కూర్చోబెట్టి చెప్పాలి.

ఈ ఏడాదితో పనిముట్లు పక్కన పెట్టేశాను. మోకాలు ఇక నిచ్చెన ఎక్కనివ్వదు. కానీ ఈ పనిలోకి వద్దామనుకునే పిల్లలు కొందరు అప్పుడప్పుడు వచ్చి అడుగుతున్నారు, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బోల్టు ఎక్కడ వాడాలో ఇందులో ఉండదు. అది ఆరు నెలల్లో చేతికి అదే వస్తుంది. ఆరు నెలల్లో రానిది ఒకటుంది, నాకది పనిలో ముప్పై ఏళ్లు దాటాక, ఒక పెద్ద తప్పు చేశాక వచ్చింది.

ముందు ఇన్‌స్టాలేషన్ అంటే ఏమిటో చెప్పాలి. అది గోడకు తగిలించే బొమ్మ కాదు, చౌరస్తాలో నిలబెట్టే విగ్రహమూ కాదు. ఒక గదినో, షెడ్డునో, మైదానాన్నో తీసుకొని, మనం లోపలికి నడిచి వెళ్లి చుట్టూ చూసేలా తయారుచేసే కళ. ఈ మధ్య చాలామంది అడవుల మీద, నదుల మీద, జంతువుల మీద, పిట్టల మీద చేస్తున్నారు. బొగ్గు తవ్విన నేల మీద పెరిగినవాణ్ణి గనక నన్ను పిలిచేవారు.

కప్పు చెప్పేది వినడం

బావిలో నా మొదటి గురువు రాజలింగు మేస్త్రి. చదువు సంతకం వరకే, కోపం మాత్రం ఇంజినీరు స్థాయిది. లోపలికి పోగానే గడ్డపారతో కప్పు మీద కొట్టి చెవి పెట్టమనేవాడు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయింది, ఎప్పుడైనా పడుతుంది. అట్లా వదులుగా ఉన్నదాన్ని మనమే ముందు రాల్చేయాలి. మిగతావాళ్లు లోపలికి అడుగుపెట్టేది ఆ తరువాతే. ఒకసారి అండర్ మేనేజరు తొందరపెడితే, "పో సార్. ఇంటికాడ అమ్మకు ఏం చెప్పాలెనో అది గూడ చెప్పి పో" అన్నాడు. అండర్ మేనేజరు ఆగిపోయాడు.

సద్ది తినేటప్పుడు చివరి ముద్ద ఎలుకలకు పెట్టించేవాడు. కప్పు కూలేముందు మొదట పరుగెత్తేవి ఎలుకలేనని మా బావుల్లో అందరి నమ్మకం. కొత్తవాడెవడైనా ఎలుక మీద బూటు ఎత్తితే, "అది నీకన్న సీనియర్‌ర, కాలు దించు" అనేవాడు.

కప్పు కొట్టి చూసే అలవాటు నా ఒంట్లోకి దిగిపోయింది. పెళ్లికి పోయినా ఫంక్షన్ హాల్లో ముందు తల ఎత్తి పైకే చూస్తాను. మా ఆవిడ, "ప్రార్థనల గూడ పైకే చూస్తవు. పాస్టర్ గారు అది భక్తి అనుకుంటున్నడు" అని ఎగతాళి చేస్తుంది.

తరువాత మోకాలు దెబ్బతింటే నన్ను బావి మీద వర్క్‌షాపుకు మార్చారు. అక్కడ వెల్డింగ్ నేర్చుకున్నాను. ఒకసారి హైదరాబాదు నుంచి ఆర్టు కాలేజీ మాస్టారు ఒకాయన వచ్చి, పాత కన్వేయర్ బెల్టుతో పెద్ద చెట్టు చేయాలి, లోపల ఇనుప అస్థిపంజరం కట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. సెలవు రోజే కదా అని వెళ్లాను. ఆ ఏడు ఎండాకాలం ఈదురుగాలికి ఆ కాలేజీ ఆవరణలో రెండు నిజమైన చెట్లు పడ్డాయి, మా చెట్టు పడలేదు. అదే నా సర్టిఫికెట్. కొన్నాళ్లకు ముందుగానే రిటైర్మెంట్ తీసుకొని పూర్తిగా ఇందులోకే వచ్చేశాను.

చేపల సంగతి

ఈ రంగంలో అంతా మంచే జరుగుతుందని రాస్తే మీరు నన్ను నమ్మరు, నమ్మకూడదు కూడా. ఒక పేరున్న కళాకారుడు నది గురించి ఇన్‌స్టాలేషన్ చేశాడు. పేరు చెప్పను. పొడవాటి గాజు తొట్లు వరసగా పెట్టి, వాటిలో బతికున్న చేపలు వదిలాడు. పైన నేను బిగించిన లైట్లు. ఆ లైట్ల వేడికి మధ్యాహ్నానికే నీళ్లు గోరువెచ్చనయ్యాయి. నేను చెయ్యి పెట్టి చూశాను, తెలిసింది. కానీ నాకెందుకులే, నా పని లైటు పడకుండా చూడటమే కదా అనుకున్నాను.

సాయంత్రానికి చేపలు ఒక్కొక్కటీ వెల్లకిలా తేలాయి. అసలు సిగ్గుపడాల్సింది ఆ తరువాత. చూడ్డానికి వచ్చినవాళ్లు అది కూడా కళలో భాగమే అనుకొని, ఎంత బాగా చెప్పాడో అని మెచ్చుకున్నారు. ఆయన కాదనలేదు. గోడ మీద నది మీద ప్రేమ గురించి పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తెల్లారి తొట్లు కడిగింది నేనే. అప్పటినుంచి ప్రాణమున్నదాన్ని సామాను కింద లెక్కవేసే ఏ పనికీ పోలేదు. పోలేదని గర్వంగా చెప్పుకుని తిరిగాను కూడా. గర్వం ఎంత పనికిమాలినదో తరువాత ఒక పాత బావి ల్యాంప్‌రూంలో తెలిసింది.

ఒక్క గంటలో చేసిన నష్టం

స్వప్నది బెల్లంపల్లి. వాళ్ల నాన్న తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారాతో, బొగ్గు ఎత్తిన మనిషి. ఆ అమ్మాయి ఆర్టు చదివి, ఊరూరా ఇన్‌స్టాలేషన్లు చేస్తూ పేరు తెచ్చుకుంది. నన్ను "కాక" అంటుంది, పనిలో మాత్రం మేస్త్రిని మించి గట్టిది. ఆమెకు ఒకటే పట్టుదల: ఒక్క పనైనా నగరం గ్యాలరీలో కాకుండా మన బొగ్గుబావుల మధ్యనే చేయాలి, మనవాళ్లే చూడాలి. మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, మా దగ్గర మూతబడ్డ ఒక బావి ల్యాంప్‌రూంకు అనుమతి తెచ్చుకుంది. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, దాకానే. ఆ తెల్లారి ఆ కట్టడాన్ని కూల్చేస్తారు.

ల్యాంప్‌రూం అంటే కార్మికులు బావిలోకి దిగేముందు తలకు పెట్టుకునే దీపం తీసుకునే గది. ఒక్కొక్కరికి నంబరున్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు, ఆ బిళ్లను బోర్డుకు తగిలిస్తారు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. అంటే బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అదే మా మస్టరు, హాజరు లెక్క.

చెప్పిన రోజు నేను పొద్దున ఆరింటికే వెళ్లాను. ఫస్ట్ షిఫ్టు అలవాటు పోదు. స్వప్న ముందురోజు ఫోనులో, "పదింటికి వస్త కాక. నేనొచ్చేదాక ఏం పని మొదలువెట్టకు" అంది. నేను మొదలుపెట్టలేదు. కప్పు చూసుకోవడం మా లెక్కలో పని కాదు. చెప్పులు విప్పి ఇంట్లోకి పోవడం ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే.

కప్పు మీద అక్కడక్కడా నల్లటి పెచ్చులు, ఒక్కొక్కటి పక్కకు పడుకోబెట్టిన కూజా అంత. గడ్డపారతో తట్టాను. డొల్లగా మోగింది. పాత ప్లాస్టరు మసిబట్టి ఉబ్బిందనుకున్నాను. వరసగా తొమ్మిదింటినీ రాల్చాను. చిన్న పిట్టలు కిటికీలోంచి లోపలికీ బయటికీ పిచ్చెత్తినట్టు తిరుగుతూ అరుస్తున్నాయి. పాడుబడ్డ గదిలో పిట్టలు కాక ఇంకేముంటాయి అనుకొని, చీపురు తీసి నేల ఊడవబోయాను. పెచ్చుల మధ్య రెండు చిన్న గుడ్లు పగిలి ఉన్నాయి.

అప్పుడు కూడా పూర్తిగా అర్థం కాలేదు. పదింటికి స్వప్న వచ్చి గుమ్మంలో నిలబడింది. పైకి చూసింది, కిందికి చూసింది.

"కాక, ఏం చేసినవ్?"

"వదులుగున్నయి బిడ్డ. ఎవలి మీదన్న పడ్తయని."

ఆమె అరవలేదు. నేల మీద కూర్చొని మట్టి ముక్కలు చున్నీలోకి ఏరుకోవడం మొదలుపెట్టింది. అరిచి ఉంటే బాగుండేది.

అవి గూళ్లు. నోటితో తడి మట్టి ముద్దలు తెచ్చి కప్పుకు అతికించి గూడు కట్టే పిట్టలవి. పుస్తకాల్లో వానకోయిల అని రాస్తారట. ఇక్కడి మట్టిలో బొగ్గు కలిసి ఉంటుంది గనక గూళ్లు నల్లగా ఉన్నాయి. స్వప్న చేయాలనుకున్నది ఇంతే: ఆ గదికి ఏమీ తగిలించకుండా, మళ్లీ బోర్డు పెట్టి, ఒక్కో పిట్టకు ఒక్కో బిళ్ల ఇవ్వడం. పొద్దున పిట్ట మేతకు పోగానే బిళ్ల ఎక్కుతుంది, సాయంత్రం గూటికి రాగానే దిగుతుంది. మనుషులు పని మానేసిన చోట ఇంకా డ్యూటీ చేస్తున్నవాళ్లున్నారని చూపించడం. మూడేళ్ల ఆలోచనని నేను ఒక్క గంటలో ఊడ్చేశాను.

రాజలింగు మేస్త్రి ఎలుకలను చూసి నడుచుకోమన్నాడు. పిట్టలు అంతగా అరుస్తుంటే నేను చీపురు పట్టుకున్నాను. ఆ ఆదివారం చర్చికి పోయాను గానీ నోరు తెరిచి పాట పాడలేకపోయాను.

నేను కట్టిస్తానన్న గూళ్లు

మూడో రోజు స్వప్న దగ్గరికి ఒక ఉపాయంతో వెళ్లాను. సిమెంటులో బొగ్గుపొడి కలిపి అచ్చం అట్లాంటి తొమ్మిది గూళ్లు చేసిపెడతాను, ఎవరూ గుర్తుపట్టలేరు అన్నాను. నా చేతి మీద నాకు అంత నమ్మకం.

"నువ్వు కట్టిన గూట్లె పిట్ట ఎందుకుంటది కాక?"

"పిట్టలు లేకున్న, చూసేటోళ్లకు తెల్వదు కదా."

"చేపలు సచ్చినయని గూడ ఎవలికి తెల్వలేదని నువ్వే చెప్పినవ్" అంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన చేతికి ఏదైనా చేయడం వచ్చినంత మాత్రాన అది చేయాల్సిన పని అయిపోదు. నైపుణ్యం ఉన్నవాడికి తప్పును కప్పిపెట్టడం కూడా నైపుణ్యంగానే కనిపిస్తుంది.

ఖాళీ కప్పుతోనే గది తెరుస్తానంది. రాలిన ముక్కలు ఎక్కడివక్కడ నేల మీద పేర్చింది. కప్పు మీద గూళ్లు ఊడిన గుండ్రటి మచ్చలు ఉండనే ఉన్నాయి. నాకొక శిక్ష వేసింది. "వచ్చినోళ్లకు ఏం జరిగిందో నువ్వే చెప్పాలె కాక. గోడ మీద నేను రాయ. నువ్వు నిలబడి చెప్పాలె."

చెప్పాను. రోజూ గుమ్మంలో నిలబడి, "ఇవి రాల్చింది నేనే" అని చెప్పాను. కాలనీ ఆడవాళ్లు గుంపుగా వచ్చి తిట్టిపోయారు. ఒక అవ్వయితే, "నీ ఇల్లు ఎవడన్న గిట్లనే కూలగొడితె తెలుస్తుండె" అని, మళ్లీ రెండు రోజులకు ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చింది. మొదటి వారం నాకు చచ్చిపోవాలనిపించింది. తరువాత మెల్లగా, చెప్పడంలోనే కొంచెం బరువు దిగింది. రిటైరైన కార్మికులు వచ్చి, కప్పు కొట్టి చూసే అలవాటు తమకూ ఉందని, తామైనా అదే చేసేవాళ్లమని అనేవారు. అది ఓదార్పో నిజమో నాకు తెలియదు.

బురద

ఆ గూళ్లు ఏనాటివో. బావి నడిచేటప్పుడు లోపలి నీళ్లు పంపులతో తోడి పక్క కాలువలోకి వదిలేవారు. ఆ కాలువ ఒడ్డు మట్టితో కట్టుకున్నాయి. బావి మూతబడ్డాక కాలువ ఎండింది. పాత గూళ్లనే ఏటా కొంచెం కొంచెం బాగుచేసుకొని ఉంటున్నాయి. కొత్తగా కట్టాలంటే తడి మట్టి లేదు. ఆ ఏడు ఆరుద్ర కార్తె దాటినా చినుకు పడలేదు.

పిట్టలు ఎక్కడికి పోయాయో వెతుక్కుంటూ స్కూటరు మీద తిరిగాను. బొగ్గు లారీలు పోయే దారిలో దుమ్ము లేవకుండా టాంకరుతో నీళ్లు కొడతారు. ఆ దారి అంచున బురదలో రెండు పిట్టలు దిగి ముక్కుతో మట్టి తీసుకోవడం చూశాను. టాంకరు డ్రైవరు మల్లేశును ఆపి సంగతి చెప్పాను. ల్యాంప్‌రూం ముందు రోజూ ఒక్క నిమిషం పైపు తిప్పమని అడిగాను.

"పిట్టలకు నీళ్లు కొట్టుమని నాకు ఆర్డరెవరిస్తరు కాక?"

"ఎవలియ్యరు. నేనే అడుగుతున్న."

అతను, "ముందుగాల చెప్పు. గూళ్లు రాల్చిన మనిషివి నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. "మరి ఆ మాట ముందుగాలనే అంటె అయిపాయె" అని తెల్లారినుంచి రోజూ పైపు తిప్పాడు. అడిగిన ఒక్క నిమిషం ఎప్పుడూ రెండు నిమిషాలయ్యేది.

నెలకు పైగా ఏమీ జరగలేదు. నేను పారతో బురద కలిపి, ఎండితే మళ్లీ తడిపి, మనిషిని కాక గేదెను అయ్యాను. ఆఖరుకి వానలు పడ్డాయి. వానలు పడ్డ మూడో వారం ఒక జంట వచ్చి కప్పు మీద పాత మచ్చ దగ్గర మొదటి ముద్ద అతికించింది. బురద వల్ల వచ్చాయా, వాన వల్ల వచ్చాయా నాకు తెలియదు. తెలిసినట్టు రాయను. ఆ రోజు స్వప్నకు ఫోను చేసి, పిట్టల అరుపు వినబడేలా ఫోనును కప్పు వైపు ఎత్తి పట్టుకున్నాను. అటువైపు ఆమెకు అర్థమైంది. శ్రావణం పోయేలోపు నాలుగు గూళ్లయ్యాయి. తొమ్మిది కాలేదు, నాలుగే.

ఓదెలు బోర్డు

అప్పుడు బోర్డు పెట్టాం. దాన్ని చూసుకోవడానికి ఓదెలును పిలిచాం. నాకంటే పెద్దవాడు, అదే ల్యాంప్‌రూంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మొదట కోపానికొచ్చాడు.

"పిట్టలకు మస్టర్ ఏందిర దావీదు? నాకు మతి వోయిందనుకున్నవా?"

"వచ్చి చూడు. నచ్చకుంటె పో."

వచ్చాడు. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. తెల్లారి ఆరింటికి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నాలుగు గూళ్లకు ఎనిమిది పిట్టలు, ఎనిమిది బిళ్లలు. ఏ పిట్ట ఏదో తనకు తెలుసంటాడు. నేను నమ్మను, కానీ ఆయనతో వాదించను. స్కూలు పిల్లలు వచ్చి ఎనిమిదో నంబరు ఇంకా రాలేదేం తాతా అని అడిగితే, "అది ఎప్పుడు లేటే. ఓవర్‌టైం చేస్తది" అనేవాడు. నగరంలో నేను ఎన్నో ఇన్‌స్టాలేషన్లు నిలబెట్టాను. చూడవచ్చినవాళ్లు సాయంత్రం దాకా కదలకుండా కూర్చొని, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని లెక్కపెట్టుకోవడం ఎక్కడా చూడలేదు.

కానీ నా తప్పు నన్ను వదల్లేదు. గూళ్లు రెండు నెలలు ఆలస్యమయ్యాయి గనక గుడ్లు ఆలస్యం, పిల్లలు ఆలస్యం. పెత్రమాస నాటికి మూడు గూళ్ల పిల్లలు ఎగిరిపోయాయి. నాలుగో గూట్లో మూడు పిల్లలు ఇంకా నోళ్లు తెరుచుకొని తల్లికోసం చూస్తున్నాయి. ఇంకో పది రోజులు కావాలి. గడువు పెంచమని స్వప్న పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. తెల్లారితే కూల్చే మిషను వస్తుంది. గడ్డపారతో మిగిల్చినదాన్ని నా తప్పే మిషనుతో పూర్తిచేయబోతోందనిపించింది.

సాయంత్రం గనుల కంపెనీ మేనేజరు తాళం తీసుకొని స్వయంగా వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, అంతకుముందు శ్రీరాంపూర్ వైపు బావిలో అండర్ మేనేజరుగా చేశాడని విన్నాం. మర్యాదగానే అన్నాడు, "అమ్మా, ఇవ్వాల్టితో అయిపోయింది. గది అప్పజెప్పండి."

స్వప్న ఏదో చెప్పబోయింది. ఓదెలు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాళమెయ్యరాదు సార్. బోర్డు మీద బిళ్లలున్నయ్."

మేనేజరు బోర్డు వైపు తిరిగాడు. రెండు బిళ్లలు వేలాడుతున్నాయి. బిళ్ల బోర్డు మీద ఉండగా ల్యాంప్‌రూం మూయకూడదు. అది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన నియమం కాదు. బావిలో ఒక్కరోజు చేసినవాడికైనా తెలుసు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఎంతమంది బయట?"

"ఇద్దరు సార్. ఏడో నంబరు, ఎనిమిదో నంబరు. ఇంట్లె పిల్లలున్నయ్."

మేనేజరు మాతోపాటు బెంచీ మీద కూర్చున్నాడు. బయట ఆడవాళ్లు బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూలు కోసుకొని పోతున్న మాటలు వినిపిస్తున్నాయి. వెలుతురు తగ్గుతుండగా ఒక పిట్ట కిటికీలోంచి వచ్చి గూట్లోకి దూరింది. ఓదెలు లేచి ఏడో బిళ్ల తీశాడు. ఇంకో పావుగంటకు రెండోది వచ్చింది. గూట్లో పిల్లలు అరిచాయి. ఓదెలు ఎనిమిదో బిళ్ల తీసి, జేబు రుమాలుతో తుడిచి, డబ్బాలో వేశాడు. బోర్డు ఖాళీ అయింది.

ఇక అడ్డుచెప్పడానికి ఏమీ లేదు. అందరూ వచ్చేశారు. నియమం ప్రకారం ఇప్పుడు మూయవచ్చు. గది అప్పజెప్పడానికి నా గడ్డపార సర్దుకుందామని నేను తల దించుకొని లేచాను.

మేనేజరు తాళం అట్లాగే చేతిలో పట్టుకుని గూటి వైపు చూశాడు.

"రేపు వీళ్లకు ఏ షిఫ్టు?" అన్నాడు.

"ఫస్ట్ షిఫ్టు సార్" అన్నాడు ఓదెలు.

మేనేజరు ఫోను తీసి, మిషను పది రోజుల దాకా పంపొద్దని ఎవరితోనో చెప్పాడు. తాళంచెవి ఓదెలు చేతిలో పెట్టి, "పొద్దున ఆరింటికల్లా తెరవాలి మరి" అన్నాడు.

"ముప్పై ఏండ్లు నేనే తెరిచిన సార్" అన్నాడు ఓదెలు, "నాకు చెప్పుడేంది."